అయిదు మీటర్ల దూరం

ఇమ్లిబన్‌లో పదకొండో కౌంటరు వెనక
ముప్పై ఒక్క ఏళ్ళు కూచున్నాను.
కిటికీ సీటు అడిగినవాళ్ళకి కిటికీ సీటిచ్చాను.
చావుకబురు అంది ఊరికి పోతున్నవాళ్ళకి
అడక్కుండానే డ్రైవరు వెనక సీటిచ్చాను.
నా పేరు మీద మాత్రం
ఎన్నడూ టికెట్టు చింపలేదు.

గ్రాట్యుటీ పడ్డ వారం
దక్షిణాన అన్నిటికన్నా ఆఖరి స్టాపు ఏదో చూసి
ఓడలో ఒక బెర్తు బుక్ చేశాను.
"కాశీకి పోరాదూ?" అంది మా ఆడబిడ్డ.
"గా చలికి పోయి ఏం జేస్తవ్ ఆండాళూ,
ఫ్రిజ్జు తలుపు తీస్కోని నిలబడు" అంది ముంతాజ్.
అని, కోఠీ అంతా తిరిగి తిరిగి
తనే నాకు ఉన్ని మేజోళ్ళు కొనిచ్చింది.

ఒడ్డు దిగేముందు ఓడలో ఒక పిల్ల
చిన్న వాక్యూమ్ మిషన్‌తో నా జేబులు ఊడ్చింది.
నాలుగు సోంపు గింజలు.
సంచి కుట్టులో ఒక గడ్డి గింజ,
ఇందిరా పార్కులో అంటుకుందేమో.
పళ్ళెంలో పెట్టి చూపించి
ఇవి దిగడానికి వీల్లేదంది.
అరవయ్యేళ్ళ హైదరాబాదు
అయిదు గింజలై ఆ పళ్ళెంలోనే ఉండిపోయింది.

అంతకుముందు రెండు రోజుల సముద్రం సంగతి చెప్పాలి.
మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాటులో
బస్సు కిటికీలన్నిట్లోంచీ తలలు బయటికొచ్చే మలుపుంది చూడండి,
ఆ మలుపు నలభై ఎనిమిది గంటలు తిరిగింది.
అలవాటు చొప్పున రేవులో కొన్న నిమ్మకాయ
ఒకసారి నేను, ఒకసారి
కాబిన్‌లో నాకు తోడున్న పోలండు మంత్రసాని
మార్చి మార్చి వాసన చూసుకున్నాం.
ఆమెకి నా భాష రాదు, నాకు ఆమెది రాదు.
నిమ్మకాయకి రెండూ వచ్చు.

మూడోనాటి పొద్దున, మంచు.
తెలుపనుకుని వెళ్ళాను. కాదు.
అమ్మ ఆఖరి జాలింపులో వేసే నీలిమందు
బకెట్టు అడుగున ఇంకా కలవకముందు
ఒక్క క్షణం ఉంటుందే, ఆ రంగు.
కలిపే చెయ్యి లేక అట్లాగే నిలిచిపోయింది.

పెంగ్విన్లు వాటి బాటలో అవి పోతాయి,
నడిచి నడిచి మంచులో కాలువ తవ్వుకున్న బాట.
అయిదు మీటర్లు దూరం ఉండాలి.
అదే మన మీదికొస్తే
జరగాల్సింది మనమే.
ఒకటి నోట్లో గులకరాయి పట్టుకుని నా ఎదుట ఆగింది,
సరిగ్గా చిల్లర చేతపట్టుకుని వచ్చిన మర్యాదస్తుడిలా.
జరిగాను. పోయింది.
చాదర్‌ఘాట్‌లో నాకోసం ఇట్లా
ఒక్క బండీ ఆగలేదు.

తిమింగలం ఊపిరి ముఖాన పడితే అందరూ ఆహా అన్నారు.
మధ్యాహ్నం మూడింటికి బేగంబజారు చేపల మార్కెట్టు వాసన!
ఇల్లు గుర్తొచ్చి
కాసేపు కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం మంచుగోడలోంచి ఒక చెక్క ఊడింది.
ముందు పడింది, చప్పుడు తర్వాతొచ్చింది.
మంత్రసాని నా మణికట్టు పట్టుకుంది,
నాడి చూసే పట్టు.
పుట్టిందనా, పోయిందనా
అడగడానికి నా దగ్గర మాట లేదు.
వెనక నుంచి ఓడ పొగ, మా డిపో వాసనే, డీజిలు.
చూడ్డానికి వెళ్ళి
నేనూ ఇంత పొగ దాని మీద వదిలొచ్చాను.
ఇది ఆడబిడ్డకి చెప్పలేదు.

అక్కణ్ణించి రాయి కూడా తేకూడదు.
మేజోళ్ళు ఉతికి ముంతాజ్‌కి తిరిగిచ్చాను.
"ఎట్లుండె?"
ఎంతో చెబుదామని నోరు తెరిచి
"సల్లగ" అన్నాను.
ఇద్దరం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాం.

మే నెల. ముషీరాబాదు మార్కెట్టు ముందు
ట్రాలీ ఆటోలోంచి గోనెపట్టా చుట్టిన ఐసు దిమ్మ దించి
ఇద్దరు కుర్రాళ్ళు కొక్కేలతో లాగుతున్నారు.
రోడ్డు మీద ఒక తడి గీత,
వెనకనుంచి ఆరిపోతూ.
"జరుగమ్మా, జరుగు!"
అప్పటికే జరిగి ఉన్నాను.
అంగలు లెక్కపెట్టి, అయిదు మీటర్లు.
వెనక సెట్విన్ బస్సు హారను మీద హారను.
కొట్టనీ.
దాన్ని పోనిచ్చి,
అప్పుడు దాటాను.